ఆవోస్తా లోయ కొండబాటలు చెప్పే ఆరోగ్యచరిత్ర

ప్రతి సంవత్సరం సెప్టెంబరు నెలలో, ఇటలీ వాయవ్య కొసన ఉన్న కూర్మాయోర్ అనే చిన్న పట్టణం నుండి వందలాది స్త్రీపురుషులు వీపున చిన్న సంచులు తగిలించుకొని, చేతుల్లో ఊతకర్రలతో కొండదారిన పరుగు మొదలుపెడతారు. ఆ పందెం పేరు ‘తోర్ దె జెయాం’. ‘మహాకాయుల ప్రదక్షిణ’ అని దానిని మనం తెలుగులో చెప్పుకోవచ్చు. ఆ మహాకాయులు మనుషులు కారు, నాలుగు శిఖరాలు: మాంట్ బ్లాంక్, ఇటాలియనులు చెర్వీనో అని పిలిచే మాటర్‌హార్న్, మోంతె రోజా, గ్రాన్ పారదీజో. పరుగు దూరం 330 కిలోమీటర్లు. దారిలో ఎక్కవలసిన ఎత్తులన్నీ కూడితే 24,000 మీటర్లు. అది ఎవరెస్టు ఎత్తుకు రెండున్నర రెట్లను మించినది. గడువు 150 గంటలు. ఎప్పుడు నిద్రించాలో, ఎంతసేపు నిద్రించాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. 2010లో మొదలైన ఈ పందెం నేడు ప్రపంచంలోని కొండబాటల పరుగు పందాలలో మిక్కిలి కఠినమైన వాటిలో ఒకటిగా పేరు పొందింది.

ఈ వివరాలు చదివినప్పుడు మీకు ఒక ఆలోచన రావడం సహజం. స్వచ్ఛమైన కొండగాలి, మంచు కరిగి పారే నిర్మలజలం, ఇంటి పశువుల పాలు, రోజంతా ఎక్కడం దిగడం. ఇటువంటి చోట తరతరాలుగా జీవించినవారికి జబ్బులు దగ్గరకు రావు కాబోలు అని. చరిత్ర చెప్పేది అందుకు పూర్తిగా విరుద్ధం. ఈ పందెం జరిగే ఆవోస్తా లోయ 19వ శతాబ్దంలో ఐరోపా అంతటా పేరుపడింది ఆరోగ్యానికి కాదు, ఒక దారుణమైన వ్యాధికి. ఆ లోయ ప్రజలకు నడక కొదవ లేదు, మంచి గాలికి కొదవ లేదు. కొదవైనది కంటికి కనబడని మరొకటి. ఆ కథను, అదే కొండలపై మానవుని అలసటను కొలిచిన ఒక శాస్త్రజ్ఞుని కథను ఈ వ్యాసంలో మీ ముందుంచుతాను. ఈ రెండు కథలూ మన వంటింటి దాకా వస్తాయి.

బాటలు వేసినవారు

నేటి పరుగరులు వెళ్ళే దారులు వారి కోసం వేసినవి కావు. కూర్మాయోర్ నుండి బయలుదేరినవారు మొదట దక్షిణపు కొండలలోని రెండవ ఆల్తా వీయా, అనగా ‘ఎత్తైన బాట’, వెంట తూర్పుకు సాగుతారు. లోయ ముఖద్వారం దగ్గర ఉన్న డొన్నాస్ వద్ద కిందికి దిగి, ఉత్తరపు కొండలలోని మొదటి ఆల్తా వీయా వెంట తిరిగి పడమరకు వస్తారు. డొన్నాస్ సముద్రమట్టానికి సుమారు 330 మీటర్ల ఎత్తున ఉన్నది. దారిలోని అత్యున్నతమైన కనుమ లోసోన్, 3,299 మీటర్లు. ఈ రెంటి మధ్య రెండువేల సంవత్సరాల చరిత్ర పరచుకొని ఉంది.

డొన్నాస్ వద్ద కొండరాతిని నిలువునా చెక్కి రోమనులు వేసిన బాట ఇప్పటికీ చూడవచ్చు. రాతిలోనే తొలిచిన కమాను కింద నుండి ఆ బాట పోతుంది. నేలరాతిపై బండిచక్రాల గాడులు నేటికీ ఉన్నాయి. ఆవోస్తాకు దూరం 36 రోమను మైళ్ళని తెలిపే రాతిగుర్తు కూడా ఉంది. ఇది ఇటలీ నుండి గాల్ దేశానికి, అనగా నేటి ఫ్రాన్సు వైపు, పోయే రాజమార్గం. దాని వెనుక ఉన్న కథ సుఖమైనది కాదు. ఈ లోయలో ముందునుండి నివసించినవారు సలస్సులు అనే జాతి. క్రీ.పూ. 25లో రోమను సేన వారిని ఓడించింది. 36,000 మందిని, వారికి తోడు ఎనిమిదివేల మంది యోధులను, బానిసలుగా అమ్మివేశారని ప్రాచీన భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. ఆ సంవత్సరమే రోమనులు ఆవోస్తా పట్టణాన్ని స్థాపించారు. 

తరువాతి శతాబ్దాలలో ఈ లోయ యాత్రికుల దారి అయింది. ఉత్తర ఐరోపా నుండి రోము నగరానికి కాలినడకన వచ్చే భక్తులు గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దాటి ఈ లోయలోకి దిగేవారు. సుమారు 2,470 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కనుమ మీద 11వ శతాబ్దంలో ఆవోస్తాకు చెందిన మతాధికారి బెర్నార్డ్ స్థాపించిన సత్రం ఇప్పటికీ బాటసారులను ఆదరిస్తున్నది. ఇంగ్లండులోని కాంటర్‌బరీ నుండి వచ్చిన ఆర్చిబిషప్పు సిగెరిక్ 990 ప్రాంతంలో రోము నుండి తిరిగివెళ్తూ తన మజిలీలను వరుసగా రాయించాడు. ఆ జాబితాలో ఆవోస్తా ఉన్నది.

యాత్రికుల కంటే ఎక్కువగా ఈ బాటలను తొక్కినవారు పశుపాలకులు. మంచు కరగగానే ఆవులను ఎత్తైన పచ్చికబయళ్ళకు తోలుకొనిపోయి, సెప్టెంబరు చివర, సెయింట్ మైకేల్ పండుగనాటికి కిందికి తెచ్చేవారు. ఆ ఆచారం నేటికీ ఉంది. ఫొంతీనా అనే పేరుగల జున్ను ఆ పాలతో తయారైనదే. లోయ మధ్యభాగంలో వర్షపాతం తక్కువ. అందువలన హిమానీనదాల నీటిని పొలాలకు తెచ్చేందుకు మధ్యయుగాలలోనే కొండవాలుల వెంట కాలువలు తవ్వారు. వాటిని అక్కడ ‘ర్యూ’ అంటారు. కాలువ గట్టు వెంట నీరు కాపలా కాసేవాడు నడిచే సన్నని బాట ఉంటుంది. అంత ఎగుడుదిగుడు నేలలో దాదాపు సమతలంగా సాగే దారులు అవే. వృద్ధులూ పిల్లలూ నేడు హాయిగా నడిచేదీ, పరుగు నేర్చుకొనేవారు మొదలుపెట్టేదీ ఆ కాలువ గట్ల మీదనే.

మరొక రకం బాటలు రాజుల వేట కోసం వేసినవి. 1856లో రాజు రెండవ విత్తోరియో ఇమాన్యుయేల్ గ్రాన్ పారదీజో కొండలను తన వేటభూమిగా ప్రకటించాడు. అప్పటికి ఆల్ప్స్ పర్వతాలలో ఐబెక్స్ అనే కొండమేక దాదాపు అంతరించి, ఈ కొండలలో మాత్రమే మిగిలింది. రాజు గుర్రం మీద సుఖంగా వెళ్ళేందుకు స్థానికుల చేత 300 కిలోమీటర్లకు పైగా కంచరగాడిద బాటలు వేయించారు. ఆ వేటభూమి 1922లో ఇటలీ తొలి జాతీయవనాలలో ఒకటి అయింది. లోసోన్ కనుమకు రెండువైపులా మెలికలు తిరుగుతూ ఎక్కే చక్కని బాట ఆ రాచబాటలలోనిదే. రాజు వేటవిడిది ఇప్పుడు పర్వతారోహకుల విడిది. దానికి 1863లో ఇటాలియన్ ఆల్పైన్ క్లబ్బును స్థాపించిన క్వింతీనో సెల్లా బంధువు, ప్రసిద్ధ పర్వత ఛాయాగ్రాహకుడు విత్తోరియో సెల్లా పేరు పెట్టారు.

సైనికుడు, బానిస, యాత్రికుడు, పశులకాపరి, నీటికావలి, రాజుగారి కూలి: వీరిలో ఎవరూ వ్యాయామం కోసం నడవలేదు. నడవక తప్పనందున నడిచారు.

లోయలోని గళగండం

ఆ నడిచిన ప్రజలు ఎలా ఉండేవారు? 1865లో మాటర్‌హార్న్ శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ వింపర్ తన గ్రంథంలో శిఖరాల గురించే కాక, ఆవోస్తా లోయలో తాను చూసిన రోగుల గురించి కూడా రాశాడు. మెడ ముందు భాగాన సంచివలె వేలాడే గళగండం అక్కడ సామాన్యదృశ్యం. ఇది గళగ్రంథి, అనగా థైరాయిడ్ గ్రంథి, పెరిగిపోవడం వలన కలుగుతుంది. కొన్ని కుటుంబాలలో పొట్టిగా, మొద్దుబారిన ముఖంతో, మాట రాక, చెవులు వినబడక, బుద్ధి వికసించక ఉండే బిడ్డలు పుట్టేవారు. ఆ స్థితిని క్రెటినిజం అన్నారు. ఆ పదం ఆల్ప్స్ ప్రాంతపు ఫ్రెంచి మాండలికం నుండి వచ్చింది. ‘క్రైస్తవుడు’ అనే మాటకు అది రూపాంతరమని భాషావేత్తలు పలువురు చెబుతారు. ‘వీడూ మనవంటి మనిషే’ అనే జాలి ఆ పిలుపులో ఉండేదట. కాలక్రమాన అదే మాట తిట్టుగా మారింది.

ఈ వ్యాధి ఆవోస్తాకే పరిమితం కాదు. లొంబార్దీలోని బేర్గమో ప్రాంతపు బొమ్మలాట నాయకుడు జొప్పీనోకు మెడ కింద మూడు గళగండాలుంటాయి. అతడు దానిని లోపంగా భావించడు, గర్వంగా చూపుకొంటాడు. ప్రతి ఇంటా ఉన్న జబ్బు నవ్వులాటలో భాగమైపోయింది.

సార్డీనియా రాజ్యం అప్పట్లో ఆవోస్తాను, పీద్మోంత్ ప్రాంతాన్ని పాలించేది. ఆ రాజు క్రెటినిజం కారణాలను పరిశోధించేందుకు వైద్యులతో, శాస్త్రజ్ఞులతో ఒక సంఘాన్ని నియమించాడు. దాని నివేదిక 1848లో టురిన్‌లో వెలువడింది. గ్రామగ్రామాన రోగులను లెక్కించిన గొప్ప కృషి అది. కాని కారణం మాత్రం చేతికి చిక్కలేదు. కదలని గాలి, తేమ, ఎండ సోకని లోయలు, చీకటి ఇండ్లు, పశువులతో సహనివాసం, మంచునీరు, పేదరికం: ఇవన్నీ అనుమానితులే.

అసలు సమాధానపు మొదటి తునక అప్పటికే దొరికి ఉంది. జెనీవా వైద్యుడు కొయందే 1820లో అయోడిన్ ఇచ్చి గళగండాన్ని తగ్గించవచ్చునని ప్రకటించాడు. అయితే మోతాదు తెలియక ఎక్కువగా వాడినందున కొందరికి గుండెదడ, బరువు తగ్గుదల, వణుకు కలిగాయి. దానితో మందుకు చెడ్డపేరు వచ్చింది. 1850ల్లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షాతాం వివిధ ప్రాంతాల నీటిలో, నేలలో అయోడిన్‌ను కొలిచి, అది తక్కువైన చోట గళగండం ఎక్కువని చెప్పాడు. పారిస్ పండితులు ఒప్పుకోలేదు. 1890ల్లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు బౌమన్ గళగ్రంథిలోనే అయోడిన్ ఉన్నదని కనుగొన్న తరువాత గాని ఆ మాటకు బలం రాలేదు.

నేడు మనకు తెలిసినది ఇది. మంచుయుగాలలో హిమానీనదాలు ఆల్ప్స్ కొండల పైమట్టిని గోకివేశాయి. కరిగిన నీరు అందులోని అయోడిన్‌ను కడిగివేసింది. అటువంటి నేలలో పండిన ధాన్యంలో, మేసిన పశువు పాలలో, ఆ కొండనీటిలో అయోడిన్ ఉండదు. గళగ్రంథి తన హార్మోను తయారు చేయడానికి అయోడిన్ అవసరం. అది చాలనప్పుడు మెదడు అడుగున ఉన్న పీయూషగ్రంథి ఇంకా పనిచేయమని గళగ్రంథిని ఆదేశిస్తూనే ఉంటుంది. ఆ ఆదేశాలకు లొంగి గ్రంథి పెరిగిపోతుంది. గర్భిణికి అయోడిన్ చాలకపోతే కడుపులోని శిశువు మెదడు వికసించదు. తల్లి మెడవాపు కనబడుతుంది; బిడ్డ బుద్ధిలో కలిగే నష్టం పుట్టిన చాలాకాలానికి గాని తెలియదు. తెలిసిన తరువాత దానిని సరిదిద్దలేము.

నిర్మలజలం, స్వచ్ఛమైన గాలి అని మనం మురిసిపోయే కొండలే ఆ బిడ్డలకు ముప్పు తెచ్చాయి. నీరు ఎంత నిర్మలమో అంత లోపభూయిష్టం.

పరిష్కారం మాటర్‌హార్న్‌కు ఆవలివైపు, స్విట్జర్లండులో, మొదలైంది. 1918లో పల్లెవైద్యుడు ఓటో బయార్డ్ గ్రేఖెన్ అనే కొండగ్రామంలోని కుటుంబాలకు అతిస్వల్పంగా అయోడిన్ కలిపిన ఉప్పును ఇచ్చి చూశాడు. గళగండాలు తగ్గాయి, కీడు కలగలేదు. 1922లో స్విట్జర్లండు అయోడిన్ ఉప్పును ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. ఇటలీలో మాత్రం దేశవ్యాప్తంగా అన్ని దుకాణాలలో అయోడిన్ ఉప్పు ఉండి తీరాలనే చట్టం రావడానికి 2005 దాకా పట్టింది. 1848 నివేదికకు, ఆ చట్టానికి మధ్య 157 సంవత్సరాలు!

శ్రీకాకుళం బిడ్డ, కాంగ్రా లోయ

ఈ కథలో మనవారి పాత్ర ఒకటి ఉన్నది. ఆల్ప్స్ వలెనే హిమాలయాలు కూడా అయోడిన్ కొరవడిన ప్రాంతం. నేడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్న కాంగ్రా లోయలో 1956లో ఒక ప్రసిద్ధమైన పరిశోధన ప్రారంభమైంది. దానికి సారథి డాక్టరు వులిమిరి రామలింగస్వామి. ఆయన 1921లో శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. తరువాతి కాలంలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా సేవ చేశారు.

ఆ లోయను మూడు భాగాలుగా విభజించి, రెండు భాగాలలోని ప్రజలకు అయోడిన్ కలిపిన ఉప్పును, మూడవ భాగానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. కొన్ని సంవత్సరాల తరువాత పరీక్షించగా అయోడిన్ ఉప్పు అందిన రెండు చోట్ల గళగండం బాగా తగ్గింది, మూడవచోట తగ్గలేదు. ఆ పిమ్మట అక్కడికి కూడా అయోడిన్ ఉప్పును పంపారు, అక్కడా వ్యాధి తగ్గింది. 1962లో మొదలైన జాతీయ గళగండ నియంత్రణ పథకానికి ఆ ఫలితాలు పునాది. ఉప్పులో చిటికెడు కంటే ఎంతో తక్కువ పదార్థం కలిపి ఒక తరం బిడ్డల బుద్ధిని కాపాడవచ్చునని ఇంత స్పష్టంగా, ఇంత చవకగా నిరూపించిన పరిశోధనలు వైద్యచరిత్రలో బహు తక్కువ.

అలసటను కొలిచిన మనిషి

ఇక రెండవ కథ. కొండవాసుల దేహానికి ఏమి లోపించిందో ఒకవైపు వైద్యులు వెదుకుతుండగా, మరొకవైపు ఆ కొండలెక్కే దేహం ఎందుకు అలసిపోతుందని అడిగినవాడు ఆంజెలో మొస్సో. ఆయన 1846లో టురిన్‌లో ఒక వడ్రంగి ఇంట జన్మించాడు. పట్టణానికి చేరువలో గుట్టల నడుమ ఉన్న కియేరిలో పెరిగాడు. వైద్యం చదివి, టురిన్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు అయ్యాడు.

మొస్సో ‘ఎర్గోగ్రాఫ్’ అనే పరికరాన్ని రూపొందించాడు. ముంజేతిని బల్లకు బిగించి, నడిమివేలికి తాడుతో బరువు కట్టి, తాళం ప్రకారం పదేపదే ఎత్తించేవాడు. ప్రతి ఎత్తుడు తిరిగే గొట్టం మీది మసికాగితంపై గీతగా పడేది. గీతలు క్రమంగా పొట్టివై చివరకు ఆగిపోయేవి. ఒక్కొక్క మనిషి అలసట గీత ఒక్కొక్క తీరుగా ఉండేది, చేవ్రాలు వలె. ఇంకొక వింత బయటపడింది. ఆయన సహచరుడైన వైద్యుడు విద్యార్థులకు మౌఖిక పరీక్షలు జరిపి వచ్చిన తరువాత వేలిని పరీక్షిస్తే, ఆ వేలు ఏ పనీ చేయకపోయినా, దాని శక్తి సగానికి సగం పడిపోయింది. అలసినది మెదడు, తగ్గినది వేలి బలం! అలసట అనేది కండరాలకే చెందినది కాదని, నాడీమండలానికి కూడా చెందినదని మొస్సో నిర్ణయించాడు. 1891లో ‘లా ఫతీకా’, అనగా ‘అలసట’, అనే గ్రంథం వెలువరించాడు. పరీక్షల కాలంలో పిల్లలకు నిద్ర మాన్పించే తల్లిదండ్రులు నేటికీ ఆ వేలిని గుర్తుంచుకోవాలి.

1893 ఆగస్టులో మోంతె రోజా శిఖరాలలో ఒకటైన పుంతా న్యిఫెత్తి మీద, 4,554 మీటర్ల ఎత్తున, ఇటాలియన్ ఆల్పైన్ క్లబ్బు ఒక చెక్కవిడిదిని నిర్మించింది. ఐరోపాలో అంతకంటే ఎత్తున ఉన్న విడిది మరొకటి లేదు. దాని ప్రారంభానికి రాణి మార్గెరీతా స్వయంగా మంచుమీద ఎక్కి వచ్చి, ఆ రాత్రి అక్కడే గడిపారు. విడిదికి ఆమె పేరే పెట్టారు. మరుసటి వేసవిలో మొస్సో కొందరు సైనికులను వెంటబెట్టుకొని అక్కడికి చేరి, నాడిని, ఊపిరిని, నిద్రను కొలిచాడు. నిద్రలో ఊపిరి మెల్లమెల్లగా తగ్గి, కొన్ని క్షణాలు ఆగి, మళ్ళీ పెరిగే తీరును నమోదు చేశాడు. ఎత్తైన క్షేత్రాలకు వెళ్ళినవారు ఉలిక్కిపడి లేచేది ఆ కారణం చేతనే.

మొస్సో పొరబడిన చోటు కూడా చెప్పాలి. కొండజబ్బుకు కారణం రక్తంలో బొగ్గుపులుసు గాలి తగ్గడమని ఆయన నమ్మాడు. ప్రాణవాయువు కొరతే కారణమని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ 1878లోనే చెప్పాడు. సత్యం ఆయన పక్షాన నిలిచింది. అయినా మొస్సో రాసిపెట్టిన ఒక మరణవృత్తాంతం చాలా విలువైనది. 1891లో యువవైద్యుడు జాకొతే మాంట్ బ్లాంక్ మీది వల్లో విడిదిలో జబ్బుపడ్డాడు. ఎత్తు దేహాన్ని ఏమి చేస్తుందో తనలోనే గమనించాలనే కోరికతో కిందికి దిగడానికి ఒప్పుకోలేదు. అక్కడే మరణించాడు. శవపరీక్షలో ఊపిరితిత్తులు నీటితో ఉబ్బి ఉన్నాయి. అందరూ దానిని న్యుమోనియా అనుకొన్నారు. ఎత్తుకు వెళ్ళినప్పుడు ఊపిరితిత్తులలో నీరు చేరే ప్రత్యేకవ్యాధి ఇదని లోకానికి విశదమైనది 1960లో అమెరికా వైద్యుడు హ్యూస్టన్ వర్ణించిన తరువాతనే. రక్తపుపోటుకు వాడే నిఫెడిపిన్ అనే మందు ఆ వ్యాధిని నివారించగలదని 1991లో నిరూపించిన పరీక్ష జరిగినది రాణి మార్గెరీతా విడిదిలోనే. వంద సంవత్సరాల తరువాత కూడా ఆ విడిది వైద్యులకు పాఠశాలగా నిలిచింది.

పరుగు ఆటగా మారినది

అయోడిన్ కొరత సడలి, రోడ్లు, సొరంగాలు వచ్చి, పల్లెవాసులు పట్నాలకు తరలిన తరువాత ఈ బాటలు చాలావరకు ఖాళీ అయ్యాయి. ఖాళీ అయిన బాటల మీదకు పరుగరులు వచ్చారు. 1990ల ప్రారంభంలో ఇటాలియను పర్వతారోహకుడు మరీనో జాకోమెత్తి మాంట్ బ్లాంక్, మోంతె రోజా కొండలపై పరుగు పందాలు ఏర్పాటు చేసి, ‘స్కైరన్నింగ్’ అనే క్రీడకు ఆద్యుడయ్యాడు. ఆవోస్తా లోయకే చెందిన బ్రూనో బ్రూనో 1995లో మాటర్‌హార్న్ పాదంలోని బ్రొయీ గ్రామం నుండి శిఖరానికి ఎక్కి మరల ఊరికి దిగడానికి 3 గంటల 14 నిమిషాలు మాత్రమే తీసుకొన్నాడు. 2013లో స్పెయిన్‌కు చెందిన కిలియన్ జోర్నే దానిని 2 గంటల 52 నిమిషాలకు తగ్గించాడు. 

వైద్యుడిగా నన్ను ఆకర్షించినది ఆ వేగం కాదు, ‘మహాకాయుల ప్రదక్షిణ’లో నెమ్మదిగా వెళ్ళినవారి మీద జరిగిన ఒక పరిశోధన. 2013లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో 330 కిలోమీటర్లు తిరిగినవారి తొడ కండరాల బలాన్ని ముందూ వెనుకా కొలిచి, మాంట్ బ్లాంక్ చుట్టూ 166 కిలోమీటర్ల పందెంలో పరుగెత్తినవారితో పోల్చారు. రెట్టింపు దూరం వెళ్ళినవారి బలమే తక్కువగా తగ్గింది, కండరాలకు గాయమూ తక్కువే. ఎందుకు? దూరం ఎక్కువని తెలిసి వారు మొదటినుండే నెమ్మదిగా వెళ్ళారు. నిద్రలేమి వారిని మరింత నెమ్మదింపజేసింది. మెదడు దేహానికి కళ్ళెం వేసి కాపాడిందన్నమాట. నూరేళ్ళకు పూర్వం మొస్సో వేలిగీతలలో చూసినది ఇదే.

మనకు పనికివచ్చే సంగతులు

పాఠకులారా, ఆ కొండలకు మీలో కొద్దిమంది మాత్రమే వెళ్ళవచ్చు. కాని ఆ లోయ నేర్పిన పాఠాలు అందరికీ అవసరమే.

మొదటిది, దిగుడు గురించి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గనుక ఎక్కడమే కష్టమని అనుకొంటాము. కండరాలకు గాయం చేసేది దిగడం. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువును ఆపవలసి వస్తుంది. వాటి పోగులలో సూక్ష్మమైన చిరుగులు పడతాయి. నొప్పి మరునాడు, ఆ మరునాడు ముదురుతుంది. కాబట్టి మెట్లయినా కొండయినా చిన్న అడుగులతో, నెమ్మదిగా దిగండి. దీర్ఘశ్రమ మధ్యలో ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు మింగకండి. నీరు తగ్గిన దేహంలో అవి మూత్రపిండాలకు హాని చేస్తాయి.

రెండవది, ఎత్తు గురించి. కేదారనాథ్, మానససరోవరం వంటి యాత్రలకు మనవారు ఏటేటా పెద్ద సంఖ్యలో వెళుతున్నారు. మూడువేల మీటర్లు దాటిన తరువాత, నిద్రించే ఎత్తును రోజుకు ఐదువందల మీటర్లకు మించి పెంచకుండా ఉండడం మేలు. తలనొప్పి, వాంతులు ఉంటే ఇంకా పైకి వెళ్ళకండి. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, దగ్గు, తూలిపోవడం, మాట తడబడడం కనిపిస్తే, అర్ధరాత్రి అయినా సరే, వెంటనే కిందికి దించాలి. ‘ఇంతదూరం వచ్చి దర్శనం చేసుకోకుండా ఎలా’ అనే మాట జాకొతే ప్రాణం తీసిన మొండితనం వంటిదే.

మూడవది, ఉప్పు గురించి. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. ‘సహజం’, ‘శుద్ధి చేయనిది’ అనే మాటలకు ఆకర్షితులై ఇటీవల పలు కుటుంబాలవారు అయోడిన్ ఉప్పును మానివేసి, గులాబిరంగు సైంధవలవణానికి మారుతున్నారు. ఆ మధ్య ఒక యువతి, మూడవనెల గర్భిణి, ఎంతో సంతోషంతో నాకు ఈ మార్పు గురించి చెప్పింది. ఆమె రోజూ నడుస్తుంది, ఇంటిభోజనమే తింటుంది. ఆమె శ్రద్ధలో లోపం లేదు. ఆవోస్తా తల్లుల శ్రద్ధలోనూ లోపం లేదు. ప్రత్యేకంగా కలిపితే తప్ప సైంధవలవణంలో గాని, సముద్రపు గల్లుప్పులో గాని చాలినంత అయోడిన్ ఉండదు. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు సుమారు 250 మైక్రోగ్రాముల అయోడిన్ అవసరం. దీనికోసం ఉప్పు ఎక్కువ తినవద్దు. రోజుకు ఐదు గ్రాములు మించకుండానే వాడండి. రక్తపుపోటు ఉన్నవారు ఇంకా జాగ్రత్త వహించండి. తినే ఆ కొద్దిపాటి ఉప్పు మాత్రం అయోడిన్ కలిపినదై ఉండాలి. డబ్బాకు మూత బిగించి, తేమ, పొయ్యి సెగ తగలని చోట ఉంచండి. గళగ్రంథి వ్యాధులకు చికిత్స పొందుతున్నవారు తమ వైద్యుని సలహా పాటించాలి.

వ్యాయామం మంచిదే. నడవగలిగినవారు నడవండి, పరుగెత్తగలిగినవారు తమ తమ శక్తిమేరకు పరుగెత్తండి. కాని ఆవోస్తా ప్రజలు మనలో ఎవరికంటే ఎక్కువగానే నడిచారు. వారి బిడ్డలను ఆ నడక కాపాడలేదు. ఈ పుట మూసిన తరువాత ఒకసారి మీ వంటింటిలోకి వెళ్ళి, ఉప్పు పొట్లం మీద ఏమి రాసి ఉన్నదో చూడండి. మీ ఇంట గర్భిణి ఉన్నా, త్వరలో తల్లి కాదలచిన కోడలో కూతురో ఉన్నా, ఆ పని ఈరోజే చేయండి.